పసిపిల్లల ఆయాసం, ఒక ప్రోటీన్ ఆకారం

మూడు నెలల పసిబిడ్డకు జలుబు చేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ముందు ముక్కు చూస్తారు. అనుభవం ఉన్న నర్సు మాత్రం చొక్కా పైకెత్తి డొక్క చూస్తుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నదా, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తున్నాయా, పాలు తాగుతూ తాగుతూ రొప్పి వదిలేస్తున్నదా అని గమనించి, ఆ తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరులు లెక్కపెడుతుంది. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డలో ఆ లెక్క 50కి, రెండు నెలలు కూడా నిండని బిడ్డలో 60కి చేరితే దాన్ని వేగంగా ఊపిరి తీయడంగానే పరిగణించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. మన వాడుకలో డొక్కలెగరేయడం అనీ, వైద్యుల చీటీలో బ్రాంకియోలైటిస్ అనీ కనిపించే ఈ స్థితికి పసిపిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, పొట్టిగా ఆర్‌ఎస్‌వి.

రెండేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒకసారైనా సోకుతుంది. ఆ తర్వాత కూడా జీవితమంతా మళ్ళీ మళ్ళీ సోకుతూనే ఉంటుంది. పెద్దవాళ్ళలో మామూలు జలుబుగా వచ్చిపోయేది పసివాళ్ళలో ప్రాణం మీదికి ఎందుకు తెస్తుందన్నది వైరస్ క్రూరత్వం కంటే గొట్టాల కొలతకు సంబంధించిన విషయం. గొట్టంలో నిదానంగా, సాఫీగా సాగే ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, వాపుతోనూ తెమడతోనూ వ్యాసార్ధం సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలు కాదు, పదహారింతలవుతుంది. పెద్దవాళ్ళ వెడల్పాటి నాళాల్లో లెక్కలోకి రాని పలుచటి వాపు, పసిబిడ్డ సన్నటి శ్వాసనాళికలను దాదాపు మూసేస్తుంది. 2019 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో ఈ వైరస్ వల్ల దాదాపు 3 కోట్ల 30 లక్షల ఊపిరితిత్తుల జబ్బులు, 36 లక్షల ఆసుపత్రి చేరికలు, లక్షకు పైగా మరణాలు సంభవించాయి. ఆ మరణాల్లో నూటికి 97 పైచిలుకు పేద, మధ్యాదాయ దేశాల్లోవే.

ఇంత పెద్ద శత్రువుకు టీకా రావడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది. ఆలస్యానికి కారణం నిర్లక్ష్యం కాదు. అసలు కారణం ఒక ప్రోటీన్ ఆకారంలో దాక్కుని ఉంది. దాన్ని కళ్ళతో చూడగలిగిన రోజున గానీ, అరవై ఏళ్ళ నాటి ఘోరమైన వైఫల్యం ఎందుకు జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు.

ఈ వైరస్ మొదట మనుషుల్లో దొరకలేదు. 1956లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో చింపాంజీలకు జలుబు పట్టుకుంటే, వాటి నుంచి వేరు చేసిన వైరస్‌కు చింపాంజీ జలుబు కారకమని పేరు పెట్టారు. మరుసటి ఏడాది బాల్టిమోర్‌లో రాబర్ట్ చానాక్ బృందం ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న పసిపిల్లల నుంచి తీసిన వైరస్ కూడా అదేనని తేలింది. చింపాంజీలు దాన్ని మనుషుల నుంచే అంటించుకుని ఉంటాయని తర్వాత అర్థమైంది. ప్రయోగశాలలో పెంచుతున్న కణాల పొరపై ఈ వైరస్ వేస్తే, పక్కపక్కనున్న కణాలు గోడలు కరిగి కలిసిపోయి అనేక కేంద్రకాలున్న ఒకే పెద్ద ముద్దగా మారేవి. అలాంటి ముద్దను సిన్సీషియం అంటారు. వైరస్‌కు ఆ పేరు అలా వచ్చింది. విచిత్రమేమిటంటే, మనిషి శ్వాసనాళాల నుంచి తీసిన కణాలను ఒక వైపు పోషక ద్రవం, మరో వైపు గాలి తగిలేలా పెంచే పద్ధతి వచ్చి, నిజమైన నాళంలో ఉన్నట్టే వెంట్రుకల్లాంటి శైలికలు ఆడించే కణజాలం ప్రయోగశాలలో సిద్ధమయ్యాక అందులో ఈ వైరస్ వేసి చూస్తే, పేరుకు కారణమైన ఆ ముద్దలు చెప్పుకోదగ్గంతగా ఏర్పడలేదు. అది శైలికలున్న కణాలనే పట్టుకుంటుంది. ఆ కణాలు పొర నుంచి ఊడి నాళంలోకి రాలిపోతాయి. పసిబిడ్డ నాళికలను అడ్డగించే చెత్తలో పెద్ద వంతు అలా రాలిన కణాలదే. ఒక వైరస్ గురించి మనకు తెలిసినది దాన్ని ఏ పాత్రలో పెంచి చూశామన్న దాని మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తట్టదు.

ఇక 1960ల నాటి టీకా సంగతి. అప్పటికి దశాబ్దం కిందటే పోలియో వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి తయారుచేసిన టీకా అద్భుతంగా పనిచేసి ఉంది కాబట్టి, ఆర్‌ఎస్‌విని కూడా కోతి మూత్రపిండాల కణాల్లో పెంచి, ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసి, పటిక జాతి అల్యూమినియం లవణం కలిపి టీకాగా ఇవ్వాలనుకోవడంలో తప్పుపట్టవలసిందేమీ లేదు. పిల్లల రక్తంలో యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు, బాగానే కనిపించాయి. చలికాలం వచ్చి నిజమైన వైరస్ ఊళ్ళో తిరగడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. వాషింగ్టన్‌లో జరిగిన పరీక్షలో, టీకా తీసుకుని ఆ తర్వాత వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఈ టీకా తీసుకోని పోలిక బృందంలో ఆ శాతం 5 మాత్రమే. ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. రక్షించవలసిన టీకా జబ్బును మరింత ముదిరేలా చేసింది.

ఆ దెబ్బతో పసిపిల్లల ఆర్‌ఎస్‌వి టీకా అనే మాటెత్తడానికే పరిశోధకులు దశాబ్దాల పాటు జంకారు. ఎలుకల్లోనూ, ఈ వైరస్‌కు తేలికగా లొంగే కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుక జాతిలోనూ ఆ పాత టీకాను మళ్ళీ మళ్ళీ ప్రయోగించి చూసి, రెండు విషయాలు తేల్చారు. మొదటిది, ఆ టీకా పుట్టించిన ప్రతిరక్షకాలు వైరస్‌కు అంటుకునేవే గానీ దాన్ని ఆపలేనివి. అలా అంటుకున్న వైరస్-ప్రతిరక్షక ముద్దలు ఊపిరితిత్తుల్లో పేరుకుని మంట పుట్టించేవి. రెండోది, రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ను చంపే దారిలో కాక, అలర్జీలో కనిపించే దారిలో తయారైంది. ఇవి రెండూ ఏం జరిగిందో చెప్పాయి. ప్రతిరక్షకాలు అంత పనికిమాలినవిగా ఎందుకు తయారయ్యాయన్న ప్రశ్నకు మాత్రం జవాబు సగమే దొరికింది.

ఈలోగా టీకా దారి మూసుకుపోయిందని చికిత్స దారిలో వెళ్ళినవాళ్ళున్నారు. 1980ల మధ్యలో రిబావిరిన్ అనే మందును సన్నటి పొగమంచుగా మార్చి, గంటల తరబడి బిడ్డ తలచుట్టూ అమర్చిన గుడారంలోకి వదిలే యంత్రంతో ఇచ్చేవారు. ప్రయోజనం అంతంతమాత్రం, ఆ పొగ పీల్చే నర్సులకు ముప్పుంటుందేమోనన్న భయం మాత్రం ఎక్కువ. క్రమంగా దాని వాడకం పక్కకు పోయింది. ఎక్కువ ఫలం ఇచ్చిన ఆలోచన మరొకటి: బిడ్డ శరీరానికి ప్రతిరక్షకాలు తయారుచేసుకోవడం నేర్పించే బదులు, తయారైన ప్రతిరక్షకాలనే అరువిద్దామన్నది. పలివిజుమాబ్ అనే ఆ ప్రతిరక్షకాన్ని ఎలుకలో పుట్టిన దాని నుంచి తీసుకుని, మనిషి శరీరం పరాయిదనుకోకుండా చాలా భాగం మనిషి ప్రతిరక్షకంలా మార్చారు. సుమారు 1,500 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో ఆసుపత్రి చేరికలు 10.6 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గాయి. 1998లో అమెరికా అనుమతి దొరికింది. ఒక అంటువ్యాధిపై అనుమతి పొందిన మొదటి మోనోక్లోనల్ ప్రతిరక్షకం, అంటే ఒకే కణపు సంతతి నుంచి అచ్చంగా ఒకే రకంగా తయారయ్యే ప్రతిరక్షకం, అదే. అయితే ఆ సీజన్ పొడవునా నెలకొకటి చొప్పున అయిదు సూదులు వేయాలి, ఖర్చు భారీగా ఉంటుంది. అందుకే నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు, గుండె, ఊపిరితిత్తుల లోపాలున్నవాళ్ళకు మాత్రమే అది పరిమితమైంది.

ఇప్పుడు ఆకారం దగ్గరికి వద్దాం. వైరస్ పైపొర మీద గుబురుగా నిలబడి ఉండే ప్రోటీన్లలో ఒకదాని పేరు ఎఫ్. వైరస్ పొరను మన కణం పొరతో కలిపేసి లోపలికి దారి చేయడం దాని పని. అందుకోసం అది రెండు రూపాల్లో ఉంటుంది. పనికి ముందు పొట్టిగా, గుండ్రంగా, మొగ్గలా ముడుచుకుని ఉంటుంది. కణం దగ్గరికి చేరాక ఒక్కసారిగా విచ్చుకుని, లోపల దాచిన కొసను కణం పొరలోకి గుచ్చి, తర్వాత తనే మడతపడి రెండు పొరలనూ దగ్గరికి లాగుతుంది. పని ముగిశాక మిగిలేది సన్నటి, పొడవాటి, గట్టి రూపం. విచ్చుకున్న పువ్వు మళ్ళీ మొగ్గ కానట్టే, ఈ మార్పు కూడా ఒకవైపుగానే జరుగుతుంది. చిక్కేమిటంటే మొగ్గ రూపం చాలా అస్థిరం. కణం తగలకపోయినా, కాస్త వేడికో, రసాయనానికో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో విచ్చుకుంటుంది. శుద్ధి చేసి సీసాలో పెట్టేసరికి చేతిలో మిగిలేది వాడిన పువ్వే.

ఫార్మలిన్ టీకాలో పిల్లలకు ఇచ్చినది ప్రధానంగా ఆ వాడిన రూపాన్నే. దాన్ని చూసి నేర్చుకున్న శరీరం దానికి సరిపోయే ప్రతిరక్షకాలు తయారుచేసింది. నిజమైన వైరస్ కణంలోకి దూరే క్షణంలో ఎదురయ్యేది మాత్రం మొగ్గ రూపం. పని అయిపోయాక మిగిలిన దాన్ని పట్టుకుంటే ఏం లాభం? రెండు రూపాల్లోనూ మారకుండా మిగిలే కొన్ని భాగాలున్నాయి. పలివిజుమాబ్ అంటుకునేది అలాంటి చోటే, అందుకే అది కొంతైనా పనిచేసింది. మనిషి రక్తంలో ఈ వైరస్‌ను గట్టిగా అడ్డుకునే ప్రతిరక్షకాల్లో అత్యధికం మొగ్గ రూపాన్ని మాత్రమే గుర్తించేవని తర్వాత తేలింది.

మొగ్గను మొగ్గగానే చూడటం ఎలా అన్నది అసలు సమస్య. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల టీకా పరిశోధన కేంద్రంలో పీటర్ క్వాంగ్ ప్రయోగశాలలో చేరిన జేసన్ మెక్‌లెల్లన్ అనే యువ నిర్మాణ శాస్త్రజ్ఞుడికి అక్కడ చోటు చాలక, మరో అంతస్తులో బార్నీ గ్రాహమ్ బృందం పక్కన బల్ల దొరికింది. గ్రాహమ్ 1980ల నుంచి ఆ విఫలమైన టీకా చిక్కుముడి మీదే పనిచేస్తున్న వైద్యుడు. ఇంత పెద్ద ఆవిష్కరణకు ఖాళీ బల్ల కారణమని అనలేం గానీ, ఆ పక్క పక్క కూర్చోవడం లేకపోతే హెచ్‌ఐవి మీద పని చేయడానికి వచ్చిన మనిషి ఆర్‌ఎస్‌వి వైపు తిరిగేవాడా అన్నది ఆలోచించదగ్గదే. వాళ్ళు పట్టుకున్న ఉపాయం ఇది: నెదర్లాండ్స్‌లోని ఒక సంస్థ మనిషి రక్తకణాల నుంచి తీసిన డి25 అనే ప్రతిరక్షకం వైరస్‌ను చాలా బలంగా ఆపుతున్నది, కానీ విచ్చుకున్న ఎఫ్‌కు అంటుకోవడం లేదు. అంటే అది మొగ్గను మాత్రమే పట్టుకుంటున్నదన్నమాట. కణాలు ఎఫ్‌ను తయారుచేస్తున్నప్పుడే డి25ను కూడా పక్కన ఉంచితే, అది మొగ్గను రెక్కలు విప్పనీయకుండా చేతితో అదిమి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఆ జంటను స్ఫటికంగా మార్చి, దాని గుండా ఎక్స్-కిరణాలు పంపి, పరమాణువుల అమరికను గీయగలిగారు. 2013లో వెలువడిన ఆ చిత్రంలో మొగ్గ శిఖరం మీద, విచ్చుకోగానే చెదిరిపోయే ఒక ప్రాంతం కనిపించింది. దానికి సున్నా స్థానమని పేరు పెట్టారు. బలమైన ప్రతిరక్షకాలు చాలావరకు గురిపెట్టే చోటు అదే.

చూడగలిగాక బిగించడం వడ్రంగి పనిలాంటిది. ప్రోటీన్‌లో పక్కపక్కకు వచ్చే రెండు చోట్ల సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలను పెడితే, వాటి మధ్య గంధకపు బంధం ఏర్పడి రెండు భాగాలను కుట్టేస్తుంది. లోపలున్న ఖాళీ సందుల్లో పెద్ద అమైనో ఆమ్లాలను కూరితే, వదులుగా ఉన్న కీలులో చీల కొట్టినట్టు అవి కదలకుండా నిలుస్తాయి. మొత్తం నాలుగు మార్పులతో, ప్రతిరక్షకం తోడు లేకుండానే మొగ్గగా నిలిచే ఎఫ్ ప్రోటీన్ అదే ఏడాది సిద్ధమైంది. పెద్దవాళ్ళలో జరిగిన తొలి పరీక్షలో అది వైరస్‌ను ఆపగల ప్రతిరక్షకాలను పాత తరహా ఎఫ్ టీకాల కంటే అనేక రెట్లు పెంచింది.

ఈ పనికి ఊహించని వారసుడు కరోనా. మెర్స్ అనే మరో కరోనా జబ్బు వ్యాప్తి తర్వాత ఇదే బృందం కరోనా వైరస్‌ల స్పైక్ ప్రోటీన్‌ను కూడా విచ్చుకోకుండా నిలపాలని చూసి, మడత పడే చోట రెండు ప్రోలిన్లు పెడితే చాలునని కనుగొని, 2017లో ప్రచురించింది. ప్రోలిన్ వంగని అమైనో ఆమ్లం; అది ఉన్న చోట గొలుసు నిటారుగా సాగలేదు. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే, ఏ రెండు చోట్ల మార్చాలో వెతకవలసిన అవసరమే లేకపోయింది. మోడెర్నా, ఫైజర్-బయోఎన్‌టెక్, జాన్సన్ అండ్ జాన్సన్, నోవావాక్స్ టీకాలు ఆ మార్పుతోనే వచ్చాయి.

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ ఈ దారిలో రాలేదు. అది వైరస్ మొత్తాన్ని రసాయనంతో నిర్వీర్యం చేసే పాత పద్ధతిదే. ఆ రసాయనం ఫార్మలిన్ కాదు, బీటా-ప్రొపియోలాక్టోన్. 1960ల అనుభవం నీడ దాని మరో అంశంలో స్పష్టంగా కనిపిస్తుంది. అల్యూమినియం లవణం ఒక్కటే వాడితే రోగనిరోధక స్పందన అలర్జీ దారి వైపు మొగ్గుతుందన్న జాగ్రత్తతో, వైరస్ ఆనవాళ్ళను పసిగట్టే గ్రాహకాలను తట్టి లేపే ఒక అణువును ఆ లవణానికి అంటించి తోడు పదార్థంగా వాడారు. టీకా జబ్బును ముదిరేలా చేయకూడదన్న ఆ ముందుచూపు ఎక్కడి నుంచి వచ్చిందో వాషింగ్టన్ పిల్లల కథ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆర్‌ఎస్‌వికి తిరిగి వస్తే, మొగ్గ రూపపు ఎఫ్‌తో చేసిన టీకాలకు 2023 మే నెలలో అమెరికాలో 60 ఏళ్ళు దాటినవారి కోసం అనుమతి దొరికింది. మొదట జిఎస్‌కె టీకా, ఆ నెలాఖరుకు ఫైజర్ టీకా. పసివాళ్ళ విషయంలో దారి చుట్టు తిరిగింది. ఫైజర్ టీకాను గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య ఇస్తే, ఆమె శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. పరీక్షలో పుట్టిన తర్వాతి 90 రోజుల్లో తీవ్రమైన జబ్బును ఇది దాదాపు 82 శాతం తగ్గించింది. ఈ వారాల నిబంధన ఊరికే పెట్టింది కాదు. జిఎస్‌కె తన గర్భిణుల టీకా పరీక్షను నెలలు నిండని కాన్పులు ఎక్కువగా కనిపించడంతో 2022లో ఆపేసుకుంది. ఆ అనుమానం ఉన్నంత కాలం నెలలు దగ్గరపడ్డాకే సూది వేయడం తెలివైన పని.

రెండో మార్గం నేరుగా బిడ్డకే ఇచ్చే నిర్సెవిమాబ్. మొగ్గను పట్టుకోవడానికి పనికొచ్చిన డి25 ప్రతిరక్షకమే దీనికి మూలం. పరిశోధన పరికరంగా పుట్టినది మందుగా మారిన అరుదైన సందర్భం ఇది. దాని తోక భాగంలో మూడు అమైనో ఆమ్లాలు మార్చడంతో, శరీరం దాన్ని తొందరగా విరిచేయకుండా మళ్ళీ మళ్ళీ రక్తంలోకి తిప్పి పంపుతుంది. పలివిజుమాబ్ సుమారు 20 రోజుల్లో సగానికి తగ్గితే, ఇది సగమవడానికి దాదాపు 70 రోజులు పడుతుంది. నెలకొక సూది స్థానంలో సీజన్ మొత్తానికి ఒక్క సూది సరిపోవడానికి కారణం అదే. స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతంలో 2023-24 చలికాలంలో పుట్టిన పిల్లలందరికీ ఇచ్చినప్పుడు ఆర్‌ఎస్‌వితో ఆసుపత్రిలో చేరడం సుమారు 82 శాతం తగ్గింది.

అయినా పసివాళ్ళకు నేరుగా టీకా వేయడమనే మొదటి కోరిక ఇంకా తీరలేదు. మోడెర్నా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను మొగ్గ రూపపు ఎఫ్‌తోనే తయారుచేసి 5 నుంచి 8 నెలల పిల్లలపై పరీక్షిస్తుండగా, టీకా తీసుకున్నవారిలో తీవ్రమైన జబ్బు ఎక్కువగా కనిపించడంతో పరీక్ష ఆగింది; 2024 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఆ విషయాన్ని బహిరంగంగా చర్చించింది. ఆకారం సరిచేస్తే 1960ల సమస్య పూర్తిగా తీరిపోతుందని అనుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. వైరస్‌ను ఎన్నడూ చూడని శరీరానికి మొదటి పాఠం ఎలా చెప్పాలన్నది ప్రోటీన్ ఆకారం ఒక్కదానితో తేలే విషయం కాదని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఇవేవీ అందని వార్డులో, డొక్కలెగరేస్తున్న బిడ్డకు నేటికీ చేయగలిగినది ముక్కు శుభ్రం చేయడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, ఆక్సిజన్ పెట్టడం. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. అది రాయలేదని వైద్యుణ్ణి మార్చే తల్లిదండ్రులకు ఈ ఒక్క మాటా నమ్మకంగా చెప్పగలిగితే బాగుండును. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, జపాన్‌లో టాకువో అయోయాగి 1970లలో కనిపెట్టినది, రక్తంలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో సూది గుచ్చకుండా చెబుతుంది. ఆక్సిజన్ ఒక్కటే చాలనప్పుడు, కుంచించుకుపోతున్న నాళికలను తెరిచి ఉంచడానికి కాస్త ఒత్తిడి కావాలి. ఢాకాలో మహమ్మద్ జోబాయెర్ చిస్తీ అనే వైద్యుడు అందుకు వాడినది ఖాళీ షాంపూ సీసా. బిడ్డ వదిలిన ఊపిరి గొట్టం కొసను నీళ్ళు నింపిన ఆ సీసాలో కొన్ని సెంటీమీటర్ల లోతున ముంచుతారు. ఎంత లోతు ఉంటే అంత ఒత్తిడి. తీవ్రమైన న్యుమోనియాతో ఆక్సిజన్ తగ్గిన 225 మంది పిల్లలపై జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో, వాళ్ళందరూ ఆర్‌ఎస్‌వి రోగులు కాకపోయినా, మామూలు ఆక్సిజన్ పెట్టినవారిలో 15 శాతం మంది చనిపోగా ఈ పద్ధతిలో 4 శాతం మందే చనిపోయారు. సీసాలో బుడగలు ఆగకుండా వస్తున్నంత సేపు ఒత్తిడి నిలుస్తున్నట్టు లెక్క. ఆగితే గొట్టం ఎక్కడో ఊడిందని నర్సు లేచి చూస్తుంది.